తుప్పుకి జామాకు కషాయం

ఇందులో చెల్లెలి తప్పేమీ లేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మీకు తేలిగ్గా తెలుస్తుంది. కోపమంతా అక్క మీద పెట్టుకోండి. ఆవిడకేం, తట్టుకుంటుంది.

అక్క ఒక పడవల యార్డులో లాబ్ చూసుకునేది. లాబ్ అంటే మరీ గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. రేకుల షెడ్డు పక్కన పొడవాటి గది, రెండు బల్లలు, గాజు పెట్టెలో ఒక తూకం మిషను, గోడ పొడుగునా మేకులు, మేకులకి నైలాను దారాలతో వేలాడే ఉక్కు బిళ్ళలు. బిళ్ళని తూచి ఉప్పునీళ్ళలో దింపడం, కొన్ని వారాలయ్యాక బయటికి తీసి తుప్పు తోమి మళ్ళీ తూచడం, అదీ పని. తగ్గిన బరువెంతో అంత ఉక్కుని ఉప్పు తినేసిందన్నమాట. ఏ రంగు నిలబడుతుంది, ఏ మందు పనికొస్తుంది అన్నది ఆ తూకాన్ని బట్టి అక్క తేల్చేది. ఆవిడ ఊఁ అనేదాకా యార్డులో ఎవరూ డబ్బా మూత తీసేవాళ్ళు కాదు. ఆ ఊఁ అనడంలో ఉన్న రుచి అక్కకి బాగా అలవాటైపోయింది.

పడవ నిలకడగా ఉండటానికి అడుగున సముద్రపు నీళ్ళు నింపే ట్యాంకులుంటాయి. వాటి గోడలు లోపల్నుంచి తుప్పు పట్టకుండా ఆ నీళ్ళలో ఒక పసుపు మందు కలుపుతారు. అది తుప్పుని ఆపుతుంది, నిజమే. కలిపేవాళ్ళ చర్మాన్ని మాత్రం వదిలిపెట్టదు. ఏళ్ళ తరబడి కలిపి కలిపి అక్క వేళ్ళ కణుపుల మీద గుండ్రటి పుళ్ళు పడ్డాయి. ఒకటి మానితే పక్కన ఇంకొకటి లేచేది. గ్లౌజులు వేసుకోవచ్చు కదా అంటే, ఆ మందం గ్లౌజులతో బిళ్ళకి దారం కట్టి చూపించమనేది అక్క.

రోజూ సాయంత్రం ఇంటికి రాగానే ఆ చేతులకి మందు రాసి గుడ్డ చుట్టేది చెల్లెలు. అమ్మా నాన్నా లేని ఇల్లు, ఇద్దరే మనుషులు. అక్క కంటే చెల్లెలు చాలా చిన్నది. కెమిస్ట్రీ చదివి, అక్క మాట సాయంతో అదే లాబ్‌లో చేరింది. నోట్లో నాలుక లేని పిల్ల. కానీ పట్టుదల మాత్రం ఇంతా అంతా కాదు.

"ఈ పసుపు దరిద్రం లేకుండా చేస్తానక్కా, చూస్తూ ఉండు" అంటూ ఉండేది గుడ్డ ముడి వేస్తూ.

"చేద్దువుగాని. ముందు ముడి కాస్త వదులు చెయ్యి, వేలు ఊడొచ్చేలా ఉంది" అనేది అక్క.

చేసింది. రకరకాల ఆకులు, తొక్కలు, గింజలు తెచ్చి, నూరి, మరగబెట్టి, వడపోసి, ఆ రసాల్లో ఉక్కు బిళ్ళలు నానబెట్టింది. లాబ్ నిండా పసరు వాసన. యార్డులో జనం ఆమెకి 'కషాయం' అని పేరు పెట్టేశారు. "కషాయంగారూ, నాకు దగ్గు, ఓ గ్లాసు ఇస్తారా?" అని వెల్డింగ్ మేస్త్రీ రోజూ ఏడిపించేవాడు. చెల్లెలు నవ్వి ఊరుకునేది. చివరికి జామాకు దగ్గర ఆమె పంట పండింది. జామాకులో ఉండే వగరు ఉక్కుని పట్టుకుని నల్లటి పొరగా ఏర్పడుతుంది. ఆ పొర దాటి ఉప్పు లోపలికి పోలేదు. కషాయం కలిపిన ఉప్పునీళ్ళలోంచి తీసిన బిళ్ళ తూకంలో వెంట్రుక వాసి కూడా తగ్గలేదు. పక్క గ్లాసులోని బిళ్ళ ఎర్రగా పొరలూడిపోయింది.

ఆ వార్త ఓనరుగారికి తెలిసింది. అసలు కథ ఇక్కడే చెడింది.

ఓనరుగారు లాబ్‌లోకి వస్తే అక్క బల్ల ముందు నిలబడి, నాలుగు ముక్కలు అడిగి, వెళ్ళిపోయేవారు. ఇన్నేళ్ళుగా అదే మర్యాద. ఆ రోజు అక్క లేచి నిలబడేలోపు ఆవిడ బల్ల దాటుకుని నేరుగా చెల్లెలి బల్ల దగ్గరికి వెళ్ళారు. మూలనున్న స్టూలు స్వయంగా లాక్కుని కూర్చున్నారు. ఆ నల్ల బిళ్ళని వేళ్ళతో తిప్పి తిప్పి చూశారు. "ఇంత చిన్న బుర్రలో ఇంత పెద్ద ఆలోచన ఎలా పుట్టిందమ్మా!" అని ముచ్చటపడ్డారు.

అక్క దగ్గర ఆయన ఒక్కనాడు కూడా కూర్చోలేదు.

చెల్లెలు వెంటనే, "అంతా అక్క నేర్పిందేనండీ. అక్క చేతుల కోసమే మొదలుపెట్టాను" అంది. ఆయన అప్పుడు వెనక్కి తిరిగి, గుడ్డలు చుట్టిన అక్క చేతుల వంక చూసి, "అయ్యో, పాపం" అన్నారు. అక్కకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఇంత లాబ్ నడిపిన మనిషి ఒక్క పూటలో పాపం అయిపోయింది. చెల్లెలి గొప్ప చూపించడానికి తన పుళ్ళు సాక్ష్యం అయ్యాయి. ఈ ఆలోచన తప్పని ఆవిడకి తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

ఇప్పుడు తప్పు సంగతి. ఆ లాబ్‌లో ఎవరూ నిజం సముద్రపు నీళ్ళు వాడేవాళ్ళు కాదు. జెట్టీ దగ్గర తోడితే నూనె తెట్టూ, నాచూ, చెత్తా వస్తాయని, శుభ్రమైన నీళ్ళలో లెక్కగా ఉప్పు కలిపి వాడేవాళ్ళు. ఆ పద్ధతి పెట్టింది అక్కే. రంగులకీ పసుపు మందుకీ అది చక్కగా సరిపోయింది. రంగు ఎవరికీ తిండి కాదు కదా. కానీ జామాకు రసం తిండే. మనం కలుపుకునే ఉప్పునీళ్ళలో ప్రాణమున్నదేదీ ఉండదు. సముద్రం నిండా కంటికి కనిపించని పురుగు, ఎక్కడ ఏం దొరుకుతుందా అని కాచుకుని ఉంటుంది.

ఈ అనుమానం చెల్లెలికి రాలేదు. అక్క పెట్టిన పద్ధతిని అనుమానించాలని ఆ పిల్లకి ఎందుకు తోస్తుంది? అక్కకి తోచింది. మంచి బుర్రే, అందులో సందేహం లేదు.

ఒకరోజు లాబ్‌లోంచి కషాయం ఒక సీసాడు సంచిలో వేసుకుంది. దారిలో జెట్టీ మెట్లు దిగి డబ్బాతో సముద్రపు నీళ్ళు తోడుకుంది. ఇంట్లో వెనక బాల్కనీలో పాత కుండీల చాటున ఒక బకెట్ పెట్టి, రెండూ అందులో కలిపి, ఒక ఉక్కు బిళ్ళ వేసి, మూత బిగించింది. చెల్లెలికి చెప్పలేదు. మొదట్లో చెప్పకూడదనే ఉద్దేశం కూడా లేదు, ముందు చూసి చెబుదామనే అనుకుంది. ఆ మాత్రం మంచితనం ఆవిడ లెక్కలో వెయ్యాల్సిందే.

కొద్ది రోజులకి బాల్కనీలో కుళ్ళిన కోడిగుడ్ల వాసన మొదలైంది. పక్కింటావిడ పిట్టగోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మా, మీ వైపు ఎలకేమైనా చచ్చిందా?" అని అడిగింది. "తూములో చెత్త అడ్డం పడినట్టుందండీ" అంది అక్క నిమ్మకు నీరెత్తినట్టు. ఆ మాట చెల్లెలి చెవిన పడింది. పాపం, ఆదివారం పొద్దున్నే లేచి, చీపురూ ఫినాయిలూ పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ఆ తూమంతా కడిగింది. బకెట్ ఆమెకి మూరెడు దూరంలోనే ఉంది. కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి అక్క చూస్తోంది.

"ఇప్పుడు వాసన తగ్గిందా అక్కా?"

"కొంచెం తగ్గింది. ఆ మూల కూడా ఓసారి తోమేయ్" అంది అక్క.

చెల్లెలు స్నానానికి వెళ్ళాక అక్క బకెట్ మూత తీసింది. నీళ్ళు నల్లగా జిగురుగా అయిపోయాయి. బిళ్ళని పట్టకారుతో తీసి కడిగింది. వగరు పొర ఆనవాలు లేదు. మశూచి మచ్చల్లా బిళ్ళ నిండా గుంటలు. ఏ మందూ వెయ్యకపోయినా ఇంత చెడేది కాదు. పురుగు కషాయాన్ని తాగి బలిసి, ఉక్కు మీద పడింది. అక్క ఆ బిళ్ళని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ తర్వాత నీళ్ళని చెల్లెలు కడిగిన తూములోనే పారబోసి, బిళ్ళని చెత్తలో వేసి, చేతులు కడుక్కుంది.

మర్నాడు ఓనరుగారు ఆవిడ బల్ల ముందే నిలబడ్డారు. ఓడల్ని లాగే టగ్ పడవ ఒకటుంది, దాని ట్యాంకులో కషాయం పోసి చూద్దామనుకుంటున్నారు. "నువ్వేమంటావమ్మా? నీ మాట లేకుండా నేను ముందుకి వెళ్ళను" అన్నారు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నిజమైన నీళ్ళలో చూడాలండీ, కుళ్ళకుండా ఏదైనా కలపాలండీ అంటే పని అయిపోయేది. చెల్లెలు ఇంకో ఆరునెలలు కష్టపడి దాన్ని దారికి తెచ్చేది కూడా. అక్క చెల్లెలి వంక చూసింది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి, రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టి, తననే చూస్తోంది.

"కానివ్వండి. నాకు పూర్తి నమ్మకముంది" అని అక్క సంతకం పెట్టింది.

చెల్లెలు పరుగెత్తుకొచ్చి అందరి ముందూ ఆవిడని వాటేసుకుంది.

ట్యాంకు నింపారు, డ్రమ్ములకి డ్రమ్ములు కషాయం పోశారు, వరసగా బిళ్ళలు వేలాడదీశారు, మూత బిగించారు. టగ్ ఓ వానాకాలం పాటు తిరిగింది. ఆ రోజుల్లో చెల్లెలు నేల మీద నడవలేదంటే నమ్మండి. ట్యాంకు తెరిచే రోజున ఉతికిన బట్టలు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. మేస్త్రీ బోల్టులు విప్పి మూత పక్కకి జరిపాడు. ఒక్క అడుగు వెనక్కి వేసి, ముక్కు మూసుకుని, అక్కడే కూలబడి వాంతి చేసుకున్నాడు. గొట్టాలు వేసి చాలాసేపు గాలి కొడితే గానీ లోపలికి తొంగిచూడటానికి ఎవరికీ ధైర్యం రాలేదు. గోడల మీద నల్లటి జిగురు వేలాడుతోంది. మేస్త్రీ లోపల దిగి, గోకి, సుత్తితో కొట్టి చూశాడు. ఒకచోట సుత్తి మొన లోపలికి దిగబడింది.

"కషాయంగారూ, ఇది తాగించి చంపేశారమ్మా దీన్ని" అన్నాడు పైకొచ్చి. ఈసారి ఏడిపించడానికి అనలేదు.

లాబ్‌లో ఓనరుగారు కేకలు వెయ్యలేదు. అరిస్తేనే నయమనిపించేంత నెమ్మదిగా మాట్లాడారు. "ట్యాంకు రేకులన్నీ కోసి మార్చాలి. సముద్రపు నీళ్ళలో ముందుగా ఒక్కసారైనా చూసుకోలేదా తల్లీ?"

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. "ఎప్పుడూ ఉప్పునీళ్ళలోనే..." అని ఆగిపోయి, అలవాటు కొద్దీ అక్క వైపు తిరిగింది.

ఓనరుగారూ తిరిగారు. "సంతకం నువ్వు పెట్టావు కదమ్మా?"

ఇంత దూరం అక్క ఆలోచించలేదు. చెల్లెలు పడిపోవడం దాకా ఊహించుకుంది గానీ, పక్కనే తను కూడా నిలబడి ఉంటానని తోచలేదు.  అయినా మాటకి తడుముకోలేదు.

"నేను చెప్పానండీ. ఓసారి సముద్రపు నీళ్ళలో చూసుకోవే, ఆకురసం కదా, కుళ్ళుతుందేమో అని చెప్పాను. చిన్నపిల్ల, తొందరపడింది. ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఎందుకని సంతకం పెట్టాను. అదొక్కటే నా పొరపాటు."

"చెప్పిందా?" అని ఓనరుగారు చెల్లెల్ని అడిగారు.

అక్క గోడకేసి చూస్తూ నిలబడింది. కాదంటే ఏమనాలో అప్పుడే మనసులో కూర్చుకుంటోంది. చెల్లెలు నుదురు ముడిచి, చాలా కష్టపడి ఏదో వెతుక్కుంటున్నట్టు నేల చూసింది.

"చెప్పే ఉంటుందండీ. అక్క అబద్ధం చెప్పదు. నేనే వినిపించుకుని ఉండను" అంది.

పనిలోంచి తీసెయ్యలేదు, అక్క మొహం చూసి. కషాయం సామానంతా మాత్రం ఆ సాయంత్రమే చెత్తబండి ఎక్కింది. ఇంటికి నడుస్తూ చెల్లెలు ఏడవలేదు. మెల్లిగా అడిగింది.

"ఎప్పుడు చెప్పావక్కా? నాకు ఎంత ఆలోచించినా తట్టడం లేదు."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చుట్టూ ఎవరూ లేరు, ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ ఒకసారి ఆడిన అబద్ధానికి కాళ్ళు కావాలి కదా, అక్క కాళ్ళు అతికించింది.

"బాల్కనీలో. నువ్వు బట్టలారేస్తున్నావు. వింటున్నావా అంటే ఊఁ అన్నావు కూడా."

చెల్లెలు నాలుగడుగులు వేసి ఆగింది. "ఎర్ర దుప్పటి కదూ? గాలికి క్లిప్పు ఊడి కిందపడింది, నేను వంగి తీస్తున్నాను. ఆ... నువ్వేదో అన్నావు. అవునక్కా, గుర్తొస్తోంది." తర్వాత అరచేత్తో నుదురు కొట్టుకుంది. "ఎంత పొగరు నాకు!"

అక్కకి ఒక్క క్షణం భయం వేసింది. లేని మాటకి ఎర్ర దుప్పటి ఎక్కడినుంచి వచ్చింది? మరుక్షణం ఊపిరి పీల్చుకుంది. పోనీలే, దానికే గుర్తొచ్చింది, ఇంకా మంచిది.

ఆ రోజు నుంచి చెల్లెలు తన కళ్ళని తాను నమ్మడం మానేసింది. తూకం మిషను మీద అంకె వెలుగుతూ ఉంటుంది, "అక్కా, ఇదెంతో చూడు" అంటుంది. బిళ్ళ ఎర్రగా ఉంటుంది, "ఇది తుప్పేనా?" అంటుంది. అన్నం ఉడికిందో లేదో కూడా మెతుకు పట్టుకొచ్చి చూపిస్తుంది. మొదట్లో అక్కకి ఇది హాయిగానే ఉంది. ఎవరూ తనని దాటి వెళ్ళడం లేదు. తర్వాత విసుగెత్తింది. చెట్టంత మనిషి కొంగు పట్టుకుని తిరుగుతుంటే ఎవరికి మాత్రం విసుగు రాదు?

పసుపు మందు మళ్ళీ వచ్చింది. ఈసారి పుళ్ళు అక్క వేళ్ళ దగ్గర ఆగలేదు, మోచేతుల దాకా ఎగబాకాయి. డాక్టరు చూసి మొహమాటం లేకుండా చెప్పాడు. ఒంటికి అది పడటం లేదు, ఇక గ్లౌజులు వేసుకున్నా లాభం లేదు, ఆ గాలి తగిలినా పుళ్ళు లేస్తాయి, ఇలాగే సాగితే వేళ్ళు తీసెయ్యాల్సి వస్తుంది అన్నాడు. అక్క ఆ మాట ఓనరుగారి చెవిన వేసింది. ఆయన నిట్టూర్చి, "ఆ మందు కలపకుండా లాబ్‌లో చేసే పనేముందమ్మా?" అన్నారు.

ఆ సాయంత్రం అక్క తనంతట తాను చెల్లెలి పక్కన కూర్చుంది. కూర్చున్నది జాలితో కాదు, అవసరంతో.

"మళ్ళీ కషాయం కాయవే. పురుగు పట్టకుండా ఏదైనా కలిపితే నిలుస్తుంది. నీకు చేతనవుతుంది."

"నా వల్ల కాదక్కా."

"ఎందుకు కాదు? ఉప్పునీళ్ళలో నిలిచింది కదా?"

"నువ్వు ముందే చెప్పావు కుళ్ళుతుందని. విననిదాన్ని, మళ్ళీ ఇంకో ట్యాంకు చంపమంటావా? నేను ముట్టుకుంటే పాడైపోతుంది."

అక్కకి సహనం చచ్చిపోయింది. పుళ్ళు సలుపుతున్నాయి, ఉద్యోగం జారిపోతోంది, తన బతుకు ఈ పిరికిదాని చేతుల్లో పడింది. ఎదురుగా ఉన్న గిన్నె విసిరికొట్టి అరిచింది.

"నేను చెప్పలేదే! ఒక్క ముక్క చెప్పలేదు! నీ కషాయం ఎత్తుకొచ్చి ఇంట్లోనే బకెట్లో వేసి చూశాను. కుళ్ళింది. నువ్వు తూము కడిగావే, ఆ కంపు దాందే! తెలిసీ సంతకం పెట్టాను, నువ్వు బోర్లా పడాలని పెట్టాను. అర్థమైందా? తప్పు నీది కాదు. లేచి పని చూడు!"

చెల్లెలు నోరు తెరుచుకుని చూసింది. మెల్లిగా ఆమె కళ్ళు నిండాయి. అక్క గుడ్డల చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నాకు ధైర్యం రావడం కోసం ఎంత మాట అనేసుకుంటున్నావక్కా! అలా అనకు, కళ్ళు పోతాయి."

"నిజం చెబుతున్నానే పిచ్చిదానా!"

"నాకు బాగా గుర్తుంది కదా. క్లిప్పు కిందపడింది. నువ్వు గుమ్మంలో నిలబడి చెప్పావు. సముద్రపు నీళ్ళలో చూసుకోవే అన్నావు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అమ్మ కూడా నన్నింత కాపాడేది కాదు."

అక్క ఒట్లు వేసింది. బకెట్ తెచ్చి చూపించింది. బకెట్ శుభ్రంగా ఉంది, చెల్లెలే తోమి పెట్టింది. బిళ్ళ ఎప్పుడో చెత్తలో పోయింది. చూపించడానికి ఇంకేమీ మిగల్లేదు. అక్క ఎంత అరిస్తే చెల్లెలికి అంత ప్రేమ పొంగుకొచ్చింది. అరిచి అరిచి అక్క గొంతు బొంగురుపోయింది, ఏడుపొచ్చింది. చెల్లెలు కొంగుతో ఆవిడ మొహం తుడిచింది.

"నువ్వేం బెంగపెట్టుకోకు. ఓనరుగారితో నేను మాట్లాడతాను. నువ్వు కుర్చీలో కూర్చుని చెబుతూ ఉండు, మందు నేను కలుపుతాను. నా చేతులు బాగానే ఉన్నాయి కదా" అంది.

మర్నాడు పొద్దున లాబ్‌లో అక్క తలుపు దగ్గర, గాలి తగలని చోట కుర్చీ వేసుకుని కూర్చుంది. చెల్లెలు గ్లౌజులు తొడుక్కుని చూసింది. డబ్బా మూత పట్టు దొరక్క వాటిని తీసి పక్కన పెట్టింది. పసుపు పొడి డబ్బా తెరిచి, చేతులు చాపి, అక్క వైపు తిరిగింది.

"ఎంత పొయ్యాలక్కా?"

అక్క చెప్పింది.